చేతిమీది పేరు

మండపేట రైస్ మిల్లులో ఆవిరికి చెయ్యి కాలిన పెద్దాయనకు కాకినాడ ఆసుపత్రిలో నర్సు కట్టు విప్పింది.

“భయం లేదు బాబాయిగారూ! తొడ నుంచి తీసి చేతికి వేసిన చర్మం చక్కగా అతుక్కుంది.”

“ఇక్కడ మా ఆవిడ పేరు పచ్చబొట్టుండేదమ్మా. ఏదీ?”

“కాలిన చర్మం తీసేశాకే కదండీ, కొత్తది వేసేది!”

“తొడమీద చర్మం మళ్ళీ వస్తుందన్నావుగా. ఇక్కడా పాతదే వస్తుందనుకున్నాను.”

“తొడమీద పైపొరే తీశారండి. ఇక్కడ లోపలిదాకా కాలిపోయింది. పూర్తిగా మానాక, డాక్టరుగారు సరేనంటే, ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుని మళ్ళీ పొడిపించుకోండి.”

“ఆవిడ పోయిందమ్మా, నిరుడు.”

“అయ్యో... ఆవిడ పేరేంటండీ?”

“సత్యవేణి.”

“సత్యవేణిగారు. మంచి పేరండీ.”

“ఇంకోసారి అనమ్మా. ఇంకొకరి నోట ఆ పేరు విని చాన్నాళ్ళయింది.”