నాలుగింటి పాట

సింగపూర్‌లోని బుకిట్ బటోక్‌లో పదకొండో అంతస్తు. మధ్యాహ్నం నాలుగు కావస్తుండగా పక్క ఫ్లాట్ పెద్దావిడ వచ్చి జాజ్ గాయని తలుపు తట్టింది.

"పన్నెండు రోజులైంది. నీ సాధన వినపడటం లేదేమ్మా?"

"అంకుల్ పోయిన ఇంటి పక్కన ఎలా పాడతాను ఆంటీ?"

"శనివారం కచేరీ పెట్టుకుని నోరు మూసుకుని కూర్చుంటావా?"

"మానేద్దామనుకుంటున్నాను. ఇరవై ఏళ్లు హోటళ్లలో తినేవాళ్ల ముందు పాడాను. ఇప్పుడేమో కంప్యూటర్ కంపెనీల పార్టీలు. నా పాట కోసమే జనం టికెట్ కొనడం ఈ కచేరీకే మొదటిసారి. అయినా గొంతు పెగలడం లేదు."

"ఆ కొన్నవాళ్లలో మీ అంకుల్ ఒకరు. రెండు టికెట్లు తెప్పించారు."

"ఆయనకి నా ఇంగ్లీషు పాటలు అర్థమయ్యేవా?"

"ఒక్క ముక్క కూడా కాదు. కానీ నాలుగైతే నన్ను మిక్సీ వేయనిచ్చేవారు కాదు. మంచాన పడ్డ మూడు నెలలూ ఆయన నొప్పి మరిచింది ఆ ఒక్క గంటే."

"ఈ అంతస్తులో అందరూ నా గోల గురించి ఫిర్యాదు చేశారు. మీరిద్దరే చేయలేదు. ఎప్పుడైనా థాంక్స్ చెప్పాలనుకునేదాన్ని."

"చెప్పాల్సింది నేను. అందుకే వచ్చాను."

"ఏం పాడమంటారు?"

"పేర్లు నాకేం తెలుసు? గొంతు బాగా కిందకి దించి, కాసేపు ఆగి, మెల్లగా పైకి తెస్తావే, అది. అక్కడ ఆయన ఊపిరి బిగబట్టేవారు."

"లోపలికొచ్చి కూర్చోండి ఆంటీ."

"వద్దమ్మా, గోడ అవతలి నుంచే వింటాను. ఆయన మంచం పక్కన నా కుర్చీ ఇంకా అక్కడే ఉంది."