వెచ్చని పెట్టె

భార్య పోయిన నెలకు, సంతకం కోసం మాస్టారిని ఆసుపత్రి ల్యాబ్‌కు పిలిచింది అక్కడి డాక్టరమ్మ.

"మేడం క్యాన్సర్ గడ్డలోంచి తీసిన కణాలు ఈ పెట్టెలో పెరుగుతున్నాయండీ. ఆవిడకున్న జన్యులోపానికి కొత్త మందొచ్చింది. మీరు ఒప్పుకుంటే వీటిమీద పరీక్షిస్తాం."

"ఇంకా బతికే ఉన్నాయా?"

"రోజురోజుకీ పెరుగుతున్నాయి."

"మనిషి పోయాక కూడానా! అంతా ఆవిడ మొండితనమే. పెట్టె వెచ్చగా ఉందేం?"

"ఒంటివేడి ఎంతో అంతే ఉంచుతామండీ."

"నెలయిందమ్మా, ఈ వేడి చేతికి తగిలి."

"మాస్టారూ, చెయ్యి తీయండి."

"మందు పనిచేస్తే?"

"ఇవి చచ్చిపోతాయండీ. ఇదే లోపం ఉన్నవాళ్ళు పైవార్డులో ఎదురుచూస్తున్నారు."

"పెన్నివ్వమ్మా... ఇదుగో, పెట్టాను సంతకం."

"సంతోషమండీ. ఇప్పుడే మొదలుపెడతాం."

"రేపు మొదలుపెట్టమ్మా. ఇవాళ కాసేపు నన్నిక్కడ కూర్చోనివ్వు."