గేటు లోపలి జాగా

పుంగనూరులో కల్యాణమండపం ఎదురింటి గేటు లోపల పూలు కట్టిన కారు నిలబడి ఉంది. తాళంచెవి వేలికి తిప్పుకుంటూ వచ్చిన పెళ్లికొడుకు మేనమామకు ఆ ఇంటావిడ అడ్డం నిలబడింది.

“ఎవురి ఇల్లనుకోని పెట్టినావప్పా? ఒక మాట అడిగేది లేదా?”

“గేటు బార్లా తీసి ఉండె. పెండ్లికూతురు ఎక్కే బండి, ఎండలో యాల అని నీడకు పెట్టినా.”

“మా కారే వీధిలో పెట్టుకోని ఉండాము, సూడలేదా?”

“జాగా ఖాళీగా పెట్టుకోని మీరు వీధిలో పెట్టుకుంటే నేనేం సేసేది? పెండ్లంటే ఇరుగుపొరుగు సర్దుకోవాల.”

“పెండ్లి మీది, సర్దుకునేది మేమా? ఆడ దీపముండె. ఏం సేసినావు?”

“టైరుకు అడ్డమని గోడవారన పెట్టినా. ఆరిపోయింటే మళ్లీ ముట్టించుకోండి. పట్టపగలు నేలమీద దీపానికి ఇంత రచ్చ యాల?”

“మొన్న మా అత్త చనిపోయింది. ఆయమ్మను పండబెట్టింది నీ కారుండే తావులోనే. దినాలయ్యేదాకా ఆరకూడదని పెట్టిన దీపం అది. వచ్చిపోయేవాళ్లు ఉంటారని గేటు తీసిపెట్టినాము.”

వేలిమీద తాళంచెవి ఆగిపోయింది. మండపంలో అప్పగింతల మేళం మొదలైంది.

“తియ్యప్పా. కొత్త పెండ్లికూతుర్ని దాంట్లోనే కూర్చోబెట్టుకోని పో.”

అతను కారువైపు చూశాడు. మండపంవైపు చూశాడు. వచ్చినప్పటినుంచి మొదటిసారి గొంతు తగ్గించాడు.

“అమ్మా, ఈడ ఆటోలు యాడ దొరుకుతాయి?”