జడ్జిగారి మొహం కడిగించిన కేసు

"నవ్వకండ్రా! ఈ ఫేస్‌వాష్ ఇవాళ ఇంతమంది బాత్‌రూముల్లో ఉందంటే ఆ పుణ్యం ఈ చేతులదే," అన్నాడు నురగ బాబాయ్, సబ్బుల ఫ్యాక్టరీ ఎదురుగా టీ బల్ల మీద బాసింపట్టు వేసుకుంటూ. ఆ ఫ్యాక్టరీలో సరుకు కలిపే గదికి ఆయనే మేస్త్రీ.

"మురికి తీసే మందు మొహాన్ని ఎండగడుతుంది. మెత్తబరిచే నూనె మురికిని వదలదు. రెండూ కలిపామా, విరిగిన పాలే! విరక్కుండా కలిపిందెవరు? నేను! దాన్ని ఇంకెవరూ చెయ్యకుండా మా కంపెనీ పేటెంటు తీసుకుంది. పక్క కంపెనీవాడికి కడుపు మండి కోర్టుకెక్కాడు. 'ఉన్నవి రెండూ కలపడంలో గొప్పేముంది, పని తెలిసిన ఎవడికైనా తడుతుంది, పేటెంటు కొట్టెయ్యండి' అని. అది పోతే ప్రతివాడూ మా సరుకే చేసి అమ్ముతాడు, మా బతుకులు బుగ్గిపాలు. మా వకీలుగారు నా చేతులు పట్టుకుని 'నువ్వే దిక్కు' అన్నారు."

"కాళ్లు పట్టుకోలేదా?" అన్నాడు ఎదురుగా టీ తాగుతున్న ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియను.

"పట్టుకోబోతే నేనే లేపాను. సరే, బోనెక్కాను. మాటలెందుకని జడ్జిగారికే ఓ చుక్క ఇచ్చి కడుక్కురమ్మన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తలపండిన మనిషి నూనూగు మీసాల కుర్రాడై వచ్చాడు! బంట్రోతు గుమ్మంలోనే ఆపేసి, 'బాబూ, మీ నాన్నగారి కుర్చీలో కూర్చోకూడదు' అన్నాడు."

టీ కొట్టతను పొయ్యి తగ్గించి మరీ వింటున్నాడు.

"అది చూసి అవతలి వకీలు ఆశకొద్దీ డబ్బా మొత్తం పూసుకున్నాడు. ముందు మీసం పోయింది. తర్వాత కోటు వదులైంది. ఆఖరికి ఆ నల్లకోటులోంచి కేర్‌మని ఏడుపు! జడ్జిగారే ఒళ్లో వేసుకుని జోకొడుతూ తీర్పు చెప్పాల్సొచ్చింది. మిగిలిన నురగ కిటికీలోంచి పొంగి ఎదురు గోడకి తగిలితే, దాని మీది బల్లులన్నీ జారి పడ్డాయంటే నమ్ము!"

"ఇంతకీ తీర్పేంటి బాబాయ్?"

"ఇంకేం తీర్పు? 'ఇలాంటిది బ్రహ్మకైనా తట్టదు' అని!"

పక్క బల్ల మీద ఆయన మరదలు అంతసేపూ నవ్వాపుకుంటూ కూర్చుంది. ఆవిడ కంపెనీ వకీలుగారి దగ్గర జూనియరు.

"బావగారూ, ఆ రోజు నేను మీ వెనకే ఉన్నానుగా! 'ఇది కలపడానికి బాగా కష్టపడ్డారా?' అని అవతలి వకీలు మర్యాదగానే అడిగాడు. ఎన్ని డ్రమ్ముల సరుకు విరిగి పారబోశారో ఉన్నదున్నట్టు చెప్పమనేగా మేం మిమ్మల్ని బతిమాలింది? మీరేమన్నారు? కాలరెగరేసి, 'కష్టమా? నాకా? ఎడంచేత్తో కలిపేశా. ఇదెవడికి తట్టదండీ!' అన్నారు. అంతే, పేటెంటు పోయింది."

బల్లలన్నీ గొల్లుమన్నాయి.

"మరి ఫ్యాక్టరీ మూతపడలేదేం?" అన్నాడు ఎలక్ట్రీషియను.

"పక్క కంపెనీవాళ్లు కలిపితే ఇప్పటికీ విరుగుతూనే ఉంది," అంది మరదలు, బావగారి వైపు ముద్దుగా చూస్తూ.

బాబాయ్ ఏమాత్రం తడుముకోలేదు.

"నేనూ అదే చెప్తున్నాగా! నా ఒక్క మాటతో కేసు తేలిపోయిందా, లేదా?"