ఒక రోజు, ఒకే మార్పు

1968 సెప్టెంబరు 9వ తేదీన, కాకినాడలో పదిహేనేళ్లు ఇంజనీరింగు పాఠాలు చెప్పి, నలభై దాటిన వయసులో మళ్లీ కొత్త ఉద్యోగిగా, శ్రీ తంగిరాల హరనాథ్ గారు వర్జీనియాలోని మా పరిశోధనశాలలో అడుగుపెట్టారు. వారికి అప్పగించిన పని చెప్పడానికి చిన్నది, భరించడానికి పెద్దది. నిట్టనిలువుగా దిగే విమానపు నాజిల్ నుంచి మహావేగంతో వెలువడే వాయుధార చదునైన నేలను తాకినప్పుడు ఎందుకు కీచుమని అరుస్తుందో, ఆ అరుపుకు లోహపు రేకులు సైతం ఎందుకు కంపించి పగుళ్లిస్తాయో కనిపెట్టాలి. ఇరవై ఒక్క సంవత్సరాలు ఆ అరుపును ఓపికగా విన్న ఈ సహృదయుని వీడ్కోలు సంచికలో ఒక పుటైనా తెలుగులో ఉండాలన్నది వారి సతీమణి శ్రీమతి కామేశ్వరి గారి కోరిక. దానిని తీర్చే భాగ్యం మాకు దక్కింది.

తొలి దశాబ్దంలో వారు నాజిల్‌ను, ఉక్కు పలకను ఎదురెదురుగా నిలిపి, వేలెడు దూరం జరిగితే స్వరం ఎలా మారుతుందో శ్రద్ధగా పరిశీలించారు. ఆ పనిలో వారు మాకు విధించిన నియమం ఒక్కటే: ఒక రోజు, ఒకే మార్పు. దూరం మార్చిన రోజు పీడనం మార్చరాదు. పీడనం మార్చిన రోజు నాజిల్ జోలికి పోరాదు. “ఇలా అయితే మీరు రిటైర్ అయ్యేదాకా ఇదే ఎక్స్‌పెరిమెంట్, సర్” అని మాలో కొందరు వేళాకోళం చేస్తే, “పార్టీ కూడా అప్పుడే ఇద్దురుగాని” అని నవ్వేసేవారు.

1979 నాటికి, ఏళ్ల తరబడి శ్రమించి, అంచుకు రంపపు పళ్లవంటి గాట్లు పెట్టిన కొత్త నాజిల్‌ను వారు రూపొందించారు. అది అరుపును అణచగలిగితే విభాగాధిపతి పదవి వారిదేనని అందరికీ తెలుసు. ఆశ వారికీ ఉండేది, ఉండడంలో తప్పూ లేదు. సోమవారం సమీక్షకులు వస్తారనగా, శుక్రవారం తొలి పరీక్ష. ఆ తొందరలో, కొత్తగా చేరిన మీనా గారితో, “మైక్‌కి ఎకో రాకుండా నాజిల్ చుట్టూ ఫోమ్ కూడా అతికించెయ్యమ్మా” అన్నారు. వాయుధార వదిలితే హోరు తప్ప కీచు లేదు. అందరం చప్పట్లు కొట్టాం.

ఆదివారం ఉదయం షాంటిలీలోని వారి ఇంట్లో ఇడ్లీలు. ఆ చలికాలమంతా పులవని పిండి ఆ రోజు పొంగి, దూదిలాంటి ఇడ్లీలు దిగాయి. “చూశారా, కొత్త షాప్‌లో కొన్న మినప్పప్పు మహిమ” అన్నారు కామేశ్వరి గారు.

“రాత్రి పిండిని వెచ్చగా ఉండాలని ఒవెన్‌లో లైట్ వేసి పెట్టానన్నావుగా? రెండూ మార్చి, పప్పు ఒక్కదాన్నే పొగుడుతావేమిటి?” అన్న హరనాథ్ గారికి తన మాట తనకే తగిలింది. చేతిలోని ముక్క పళ్లెంలో పెట్టేశారు.

“ఏమండీ, ఉప్పెక్కువైందా?”

“ఇడ్లీ బాగుంది. నేనూ నీలాగే రెండు మార్చాను.”

ఒంటరిగా గాలి వదలరాదన్నది ల్యాబ్ నిబంధన కనుక మీనా గారికి ఫోన్ చేసి, కారు తీశారు. ఇద్దరూ కలిసి ఫోమ్ ఊడదీసి గాలి వదలగానే, కొత్త నాజిల్ పాత నాజిల్ అంత గట్టిగానే అరిచింది. పాత నాజిల్‌ను బిగించి ఫోమ్ అతికిస్తే నోరు మూసుకుంది.

“సర్, రేపు ఈ మాట చెబితే మీ ప్రమోషన్ పోతుంది” అన్నారు మీనా గారు.

“విమానం వేడికి ఫోమ్ నిమిషం నిలవదమ్మా. రేపు నేను చెప్పకపోతే, ఎప్పుడో పైలట్‌కి తెలుస్తుంది.”

సోమవారం ఉన్నది ఉన్నట్టు చెప్పారు. గాట్ల నాజిల్ మూలపడింది, పదవి మరొకరిని వరించింది. ఆ సాయంత్రం వారి ముఖం చూడడం మాకు కష్టమైంది. అయితే ఆ ఫోమే దారి చూపింది. వాయుధారలోని సుడులు పలకను తాకి పుట్టించిన శబ్దం వెనక్కి వచ్చి నాజిల్ అంచు వద్ద ధారను కుదిపి, కొత్త సుడులను లేపుతుందని, ఆ తిరుగుదారిని తెంపితే అరుపు ఆగుతుందని వారు నిరూపించారు. ఆ పరిశోధనా పత్రంలో మొదటి పేరుగా మీనా గారిది పెట్టించారు. మా విభాగం ఈ పదేళ్లూ నడిచింది ఆ దారినే. నాడు హరనాథ్ గారికి దక్కని పదవిలో నేడున్నది మీనా గారే. ఈ సాయంత్రపు సభకు అధ్యక్షత వహిస్తున్నదీ వారే.

మూలపడిన ఆ గాట్ల నాజిల్‌ను మెరుగుపెట్టించి నేడు వారికి సమర్పిస్తున్నాం. బాకీపడిన పార్టీ కూడా ఇదే. హరనాథ్ గారూ, రేపటి నుంచి మీరు ల్యాబ్‌కు రారు. మీ నియమం ప్రకారం ఆ మార్పు ఒక్కటే చాలు. మీ ఆరోగ్యం, మీ నవ్వు, ఆదివారం ఇడ్లీలు, ఎదురుగా కామేశ్వరి గారు, అన్నీ ఉన్నవి ఉన్నట్టే నిండు నూరేళ్లూ ఉండుగాక.