ఆరో స్టెప్పు

చనిపోయిన కూతురి కంప్యూటరు ముందు టీచరుగారు కూర్చున్నారు. కూతురితో కలిసి పనిచేసిన అమ్మాయి పక్కనే కుర్చీ లాక్కుని, కీబోర్డు తనవైపు జరుపుకుంది.

"లినక్స్ కెర్నెల్‌ని, అదే కంప్యూటరుని లోపల్నుంచి నడిపించే ప్రోగ్రామ్‌ని, సొంతంగా తయారుచేసుకోవడం గురించి అక్క కొత్తవాళ్లకి రాసిన పాఠాన్ని సరిదిద్దుతున్నాం టీచరుగారూ. చివర్లో 'ఎక్కడైనా ఆగిపోతే నాకు రాయండి' అని తన మెయిల్ ఇచ్చింది. అక్క పోయి నాలుగు నెలలైనా ఆ మెయిల్ నుంచి జవాబులు వెళ్తూనే ఉన్నాయట."

"నేనే రాస్తున్నాను. దాని పేరుతోనే."

"మీరా? మీకు అలారం పెట్టడం కూడా రాదని అక్క నవ్వేది."

"నిజమే. దాని పాఠం చూసే నేర్చుకున్నాను. మూడుసార్లు కంప్యూటరు మొరాయించింది. అందరూ ఆరో స్టెప్పు దగ్గరే బోల్తా పడుతున్నారు. అక్కడ సెట్టింగులన్నీ మొదటినుంచీ ఎంచుకోమంది. ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్ సెట్టింగులు కాపీ చేసుకుని, వాటినే కొద్దిగా మార్చుకోమంటే సరిపోయేది. తనకి తెలుసు కాబట్టి అందరికీ తెలుసనుకుంది పిచ్చిది."

"ఆ మాట చేర్చేస్తే ఇక ఎవరూ ఆగిపోరు."

"ఎవరూ రాయరు కూడా."

అమ్మాయి కీబోర్డు మీంచి చేతులు తీసేసింది.

"పోనీ, కొన్నాళ్లు అలాగే ఉంచమంటారా?"

"పొద్దున్నే ఎవరో ఒకరు దాన్ని పేరు పెట్టి పిలుస్తూ రాస్తారమ్మా. ఇంట్లో ఆ పేరు ఇంకెవరూ పలకడం లేదు."

"ఉంచేద్దాం టీచరుగారూ."

"వద్దు. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినదాన్ని. తప్పని తెలిసీ వదిలేయలేను. నేను చెప్తాను, రాసుకో."

తరగతిలో డిక్టేషన్ చెప్పినట్టు, ఒక్కో వాక్యాన్నీ రెండేసిసార్లు, చాలా నెమ్మదిగా చెప్పారు.