పదిహేడో కొక్కెం

హలో… ఆ, నేనే…

నంబరు తప్పేం కలవలేదు. బెలూన్ల తాత ఫోనే ఇది. ఎత్తింది మాత్రం నేను… వదినని.

…

ఉన్నావా? ఊపిరి వినిపిస్తోందిలే.

పార్కు గేటు దగ్గర. సంచులు తగిలించే చోటే, నా కుర్చీలో… ఇవాళే మళ్ళీ డ్యూటీకి వచ్చాను. ఇంట్లో కూర్చుని మాత్రం ఏం చేస్తాను?… లేదు, అత్తయ్యకి కూడా చెప్పలేదు. అందుకే నీదాకా రాలేదు కబురు. వచ్చుంటే తాతని ఇవాళ పంపేవాడివి కాదుగా.

టోకెన్ ఇచ్చి. పదిహేడో నంబరు.

తాతనేమీ అనకు. ఆయనకేం తెలుసు? "మీ మరిదిగారు సంచి తెమ్మన్నారమ్మా" అని నవ్వుకుంటూ టోకెన్ తెచ్చి నా చేతిలోనే పెట్టాడు. పెట్టాక నా మొహం చూసి తనే భయపడ్డాడు. ఇక్కడే గట్టు మీద కూర్చున్నాడు. నువ్వు ఫోన్ చేస్తావని తెలిసి, నేనే ఎత్తుతానన్నాను.

ఏంటీ?… టోకెన్ అన్నయ్య చొక్కా జేబులో దొరికిందా. ఏ చొక్కా?

… గళ్ళ చొక్కా. ఆ రోజు వేసుకున్నది.

ఆ చొక్కా ఆసుపత్రివాళ్ళు కవర్లో పెట్టి, ముడేసి, నా చేతికిచ్చారు నాయనా. నువ్వు నా పక్కనే ఉన్నావు. బీరువా పై అరలో పెట్టాను. ఇంతవరకూ ముడి విప్పలేదు.

…

ఇంకో అబద్ధం వెతుక్కోకు. నేను అరవడం లేదుగా. అరుపు రావడం లేదు. ఏడుపూ రావడం లేదు. పళ్ళ డాక్టరు సూది వేశాక దవడ ఎలా ఉంటుంది… ఒళ్ళంతా అలా ఉంది నాకు. కాబట్టి నిజం చెప్పాలంటే నీకు ఇంతకన్నా మంచి సమయం దొరకదు.

ఒక్కటే అడుగుతాను. మీ అన్నయ్య ఆఖరి నిమిషంలో ఒంటరిగా ఉన్నాడా, పక్కన ఎవరైనా ఉన్నారా?

పంతొమ్మిది రోజులుగా బుర్రలో అదొక్కటే తిరుగుతోంది. మొక్కల షెడ్డు వెనక, బెంచీ పక్కన పడి ఉన్నాడమ్మా, చుట్టూ ఎవరూ లేరమ్మా అన్నాడు తోటమాలి. అదే పట్టుకుని పడుకుంటున్నాను, అదే పట్టుకుని లేస్తున్నాను.

— ఒక్క నిమిషం… రండమ్మా. మార్కెట్ సంచులు లోపలికి రానివ్వం, ఇక్కడ తగిలించి వెళ్ళండి. ఇదిగో, నాలుగో నంబరు. వెళ్ళేటప్పుడు ఇచ్చేసి తీసుకోండి…

ఆ, చెప్పు.

… షాపులో ఉన్నావా. షట్టర్ తీస్తుంటే కబురొచ్చిందా. ఆ రోజూ ఇదే చెప్పావు, ఇదే వరసలో. మరి టోకెన్ మాటేంటి?

ఆ పొద్దున్న ఏడింటికి సంచి తగిలించింది నేనే. టోకెన్ ఇచ్చింది నేనే. మొగుడైనా టోకెన్ టోకెనే. "పోగొడితే సంచి వేలం వేస్తాం సార్" అన్నాను. రోజూ అనేదే. "సంచితోపాటు నన్నూ వేసెయ్యండి మేడమ్, చవగ్గా పోతాను" అన్నాడు. జేబులో వేసుకుని లోపలికెళ్ళాడు. ఆ జేబులోంచి ఇవాళ నీ చేతికొచ్చింది. మధ్యలో ఎవరున్నారు చెప్పు?

…

నాకసలు సంచి సంగతే గుర్తు లేదు. ఇన్నాళ్ళూ నా బదులు ఇక్కడ కూర్చున్న పోస్ట్‌మ్యాన్ బాబాయికి అది ఎవరిదో తెలీదు. మర్నాడు టమాటాలు తీసి పారేసి, మిగతాది పెట్టెలో పెట్టి తాళం వేశాడు. టోకెన్ వస్తే ఇద్దామని. రిటైరైనా ఆయన పద్ధతి ఆయనదే. ఇవాళ పదింటికి పార్కు వాలంటీర్ల మీటింగ్. అర్జీ కాగితాలు ఏవని వెతుకుతారు, పెట్టె తెరుస్తారు. అంతలోపు నువ్వు తెప్పించుకోవాలనుకున్నావు.

ఆ. చూశాను. సంచి అడుగున ఉన్నాయి.

నేను చెబుతాను, తప్పుంటే దిద్దు.

పార్కు వెనక భాగం బళ్ళు పెట్టుకోడానికి ఇచ్చెయ్యమని మార్కెట్‌వాళ్ళ అర్జీ. చుట్టుపక్కల ఇళ్ళ సంతకాలు తెచ్చే పని నీది. వాలంటీర్ల కార్యదర్శిగా వాటిని సరిచూసే పని మీ అన్నయ్యది. సగం సంతకాలు నువ్వే గీకేశావు. గీకితే గీకావు… మామయ్యది కూడానా? ఆయన పోయి ఆరేళ్ళయింది కదయ్యా!

… చెయ్యి అలవాటు కొద్దీ పడిపోయిందా.

ఆ, మీ అన్నయ్య చెప్పాడులే ఒకసారి. ఏడో తరగతిలో ప్రోగ్రెస్ కార్డు మీద మామయ్య సంతకం నువ్వే పెట్టేవాడివట. చివర తోకతో సహా. స్కూల్లో ఎవరికీ దొరకలేదట. దొరికింది మీ అన్నయ్య ఒక్కడికే. అప్పుడూ ఆయనకే, ఇప్పుడూ ఆయనకే.

నవ్వొచ్చే సంగతే. ఇంకెప్పుడైనా అయితే నవ్వేదాన్ని.

నిన్ను షెడ్డు దగ్గరికి రమ్మన్నాడు. వచ్చావు. తర్వాత?

… మెల్లగా చెప్పు. నాకేం తొందర లేదు.

… ఊఁ.

… ఊఁ. ఛాతీ మీద చెయ్యేసుకున్నాడు. బెంచీ మీద కూర్చున్నాడు… పక్కకి జారిపోయాడు.

అప్పుడు నువ్వు జేబులో చెయ్యి పెట్టావు. కాగితాలుంటాయని. టోకెన్ దొరికింది.

అప్పటికి ఊపిరి ఉందా?

…

ఉందా, లేదా?

…

ఉంది.

— లేదు, నాకేం కాలేదు. వద్దు తాతా, నీళ్ళు వద్దు. నువ్వు కూర్చో.

భయమేసింది… వేస్తుంది. నువ్వే ఏదో చేశావనుకుంటారని. వెనకున్న చిన్న గేటులోంచి వెళ్ళిపోయావు. సరే.

షెడ్డు నుంచి ఈ కుర్చీకి నూట అరవై అడుగులు. ఇవాళ పొద్దున్నే నడిచి లెక్కపెట్టాను. నువ్వు ఒక్క కేక వేసుంటే వినపడేది. పోయిన వేసవిలో వాలంటీర్లకి, గుండె ఆగితే ఛాతీ ఎలా నొక్కాలో నేర్పించారు, గుర్తుందా? నువ్వూ వచ్చావు, ప్లాస్టిక్ కుర్చీలు నీ షాపువే. బొమ్మ రాలేదని మీ అన్నయ్యే నేల మీద పడుకున్నాడు. నొక్కింది నేను. "చక్కిలిగింతలు పెట్టకే" అని ఒకటే నవ్వు. అందరిలోకీ ఈవిడ చెయ్యే సరిగ్గా పడుతోందన్నాడు నేర్పినాయన.

నూట అరవై అడుగులు.

… ఏడవకు. నీ ఏడుపు వినపడుతోంది గానీ లోపలికి దిగడం లేదు. ఎవరో పక్కింట్లో ఏడుస్తున్నట్టుంది.

ఇంకోటుంది, అది కూడా విను. కాగితాల పైన ఒక ఉత్తరం, గుండుసూదితో గుచ్చి. మీ అన్నయ్య చేతిరాత. "ఈ సంతకాలు సరిచూడటంలో పొరపాటు నాది. అన్నీ పక్కన పెట్టండి. కార్యదర్శి పని ఇక నేను చెయ్యను." అంతే. నీ పేరు లేదు. రెండుసార్లు వెతికాను.

పట్టించడానికి పిలవలేదయ్యా నిన్ను. తప్పించడానికి పిలిచాడు. ఆ మాట నోట్లో ఉండగానే…

…

ఏంటీ? ఏదో అన్నాడా? పడిపోయాకా?… మళ్ళీ చెప్పు. నీ మాటల్లో వద్దు. ఆయన ఎలా అన్నాడో అలాగే చెప్పు.

… "చిన్నోడా… మీ వదినని పిలవరా."

…

అన్నాడా.

…

ఉన్నాను. ఇక్కడే ఉన్నాను. ఎక్కడికి పోతాను?

లేదు, నిన్నేం అనను. కాగితాలు చింపను. నీ పేరూ రాయను… ఆయన రాయలేదుగా. సంచి మళ్ళీ పదిహేడో కొక్కేనికే తగిలించాను. టోకెన్ నీది, నువ్వే వచ్చి తీసుకో. ఇంకొకళ్ళని పంపితే ఇవ్వను. మీటింగ్‌లో ఏం చెప్పుకుంటావో అది నీ ఇష్టం. కానీ ఈ ముందు గేటులోంచి రాకు. ఆ రోజు వెళ్ళావే, ఆ చిన్న గేటులోంచే రా. షెడ్డు దగ్గర ఒకసారి ఆగు. అక్కణ్ణుంచి ఆ నూట అరవై అడుగులూ నడువు. నా ఎదురుగా నిలబడి, ఆయన చెప్పమన్న మాట చెప్పు. "వదినా, అన్నయ్య పిలుస్తున్నాడు" అని.

అంతే. ఒక్క మాట.

…

వస్తావా?

…

— ఆ, ఏంటండీ? సంచా? అది కాదు… పదిహేడు ఖాళీ లేదండీ. దాని మనిషి ఇంకా రావాలి. ఇదిగో, పద్దెనిమిది తీసుకోండి. పోగొట్టకండి.

హలో?… హలో?…

పెట్టేశాడు.

ఇదిగో తాతా, నీ ఫోను.